ముడుమాల్ నుంచి కుప్గల్ దాకా: రాళ్ల దగ్గర చెవి పెట్టి తిరిగే యాత్ర

పాతకాలపు రాళ్లున్న ఈ రెండు చోట్లనూ ఒకే యాత్రలో చూడాలి. అప్పుడే అక్కడి శబ్దాల్లోని తేడా చెవికి పడుతుంది.

ముడుమాల్ తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో, కృష్ణా నదికి దగ్గర. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకెక్కింది. 10 నుంచి 14 అడుగుల నిలువురాళ్లు సుమారు 80 ఉన్నాయి. ఒక బండ మీద సప్తర్షి మండలాన్ని గుంటలుగా చెక్కారు. చప్పట్లు కొట్టి చూడండి, దాదాపు ఏమీ తిరిగి రాదు. ఎటు చూసినా బయలే, రాళ్లేమో సన్నం. శబ్దం చాలావరకు వాటి పక్కల నుంచి సాగిపోతుంది. గొంతు మనల్ని వదిలిపోయిన ఆ నిశ్శబ్దంలో నిలబడితే ఒంటరితనం, భక్తి రెండూ కలగలిసి కమ్ముకుంటాయి. గాలి లేవకముందే, తెల్లవారుతుండగా వెళ్లండి. ఊళ్లో బస దొరుకుతుందని నమ్ముకోవద్దు, రాయచూరు నయం. కాచిగూడ–రాయచూరు రైలు మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా కృష్ణా స్టేషన్‌కు వస్తుంది.

కుప్గల్ కర్ణాటకలో, బళ్లారి పక్కనే. డోలరైట్ అనే నల్లటి గట్టి రాతి బండల మీద మూపురం ఎద్దుల చెక్కడాలు. కొన్ని బండలను రాయితో కొడితే గంటలా మోగుతాయి, కొట్టిన చోట పాత గుంటలున్నాయి. కింద రెండుమూడు చోట్లే ఆనుకున్న బండ స్వేచ్ఛగా కంపిస్తుంది. మట్టిలో కూరుకున్నది మూగగా ఉంటుంది. దయచేసి మీరు కొట్టకండి, ప్రతి దెబ్బకూ పైపొర లేస్తుంది. అసలే గ్రానైట్ క్వారీల వల్ల ఈ కొండకు ముప్పు ఉంది.

ప్రతిధ్వనికి చప్పట్లు చాలు. ఎదుటి రాతిగోడ 40 మీటర్ల దూరంలో ఉంటే, శబ్దం పోయి రావడానికి దాదాపు 0.23 సెకను. 17 మీటర్లలోపు అయితే అసలు శబ్దం, ప్రతిధ్వని రెండూ కలిసిపోయి గొంతు బరువెక్కినట్టుంటుంది. దూరం పెరిగేకొద్దీ రాతి వెనక ఎవరో బదులిస్తున్నట్టు తోస్తుంది, ఒళ్లు జలదరించేది అక్కడే. బార్సిలోనా విశ్వవిద్యాలయ పురావస్తు పరిశోధకురాలు మార్గరీటా దియాజ్-ఆండ్రెయు బృందం రాతి చిత్రాల చోట్ల ధ్వనిని కొలిచి, అది వినేవారి మనసు మీద చూపే ప్రభావాన్ని కూడా పరిశీలించింది.

ఫోన్‌లో రికార్డు చేస్తే చాలాసార్లు ప్రతిధ్వని పడదు. చుట్టుపక్కల రొదను తగ్గించే సెట్టింగ్ దాని తోకను కోసేస్తుంది. దాన్ని ఆపేసి, వేవ్ (WAV) ఫైల్‌గా తీయండి. గుంపుగా నిలబడితే మనుషులూ బట్టలూ శబ్దాన్ని మింగేస్తారు, ఇద్దరు చాలు. బళ్లారిలో ఆటోకు వెయిటింగ్‌తో కలిపి ముందే బేరం కుదుర్చుకోండి. మనిషికి 3 లీటర్ల నీళ్లు తప్పనిసరి, కొండ మీద నీడ లేదు.