గాలి ఓడ కిట్: కట్టె పని సరే, గుడ్డ పనే అన్యాయం

హన్మకొండలో ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నా. బొమ్మల కిట్ల గురించి రాయడం నా పని కాదు. కానీ ఈ పెట్టెలో సగం పని దర్జీ పనే. కొన్నవాళ్లు రాసినవన్నీ చదివాను, ఆ సగం గురించి ఒక్కరూ రాయలేదు. అందుకే కూర్చున్నా.

మా మనుమరాలు ఎనిమిదో తరగతి. పుట్టినరోజుకు మా అల్లుడు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. ధర 2,499 రూపాయలు. పెట్టెలో రెండు బొమ్మలు: హిండెన్‌బర్గ్ అనే జర్మన్ గాలి ఓడ (లోపల తేలిక వాయువు నింపితే గాల్లో తేలుతూ పోయేది) ఒకటి, డకోటా విమానం ఒకటి. రెండూ అసలు సైజును ఐదు వందలు చేస్తే అందులో ఒక వంతు. అమ్మినవాళ్ల పేరు రాయను, వాళ్లతో పంచాయితీ ఇంకా నడుస్తోంది.

ముందు మంచి చెప్తా. కట్టె ముక్కలు మిషన్ మీద శుభ్రంగా కోశారు. ఎక్కడా పెచ్చు లేదు. పన్నెండు రింగులు, ఎనిమిది పొడుగు పుల్లలు, గాడిలో గాడి టక్కున కూర్చుంటాయి. మనుమరాలు ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం చట్రం నిలబెట్టేసింది. టేపు పెట్టి కొలిచాను: పొడవు 19 అంగుళాలు, నడుము చుట్టు 10. ఓడ పక్కన డకోటాను పెడితే అది ఒకటిన్నర అంగుళం! నా బొటనవేలంత కూడా లేదు. "అమ్మమ్మా, ఈగ లాగుంది" అంది పిల్ల. ఈ కిట్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. అసలు ఓడ 245 మీటర్లు. 1936లో అది మొదలైనప్పుడు రాత్రి పడుకునే ప్రయాణికులు 50 మందికే చోటు. 1935లో మొదటిసారి ఎగిరిన ఈ ఈగ లాంటి డకోటాలో 21 మంది కూర్చునేవాళ్లు. అంత పెద్ద ఓడకు యాభై, ఇంత చిన్నదానికి ఇరవై ఒకటి. గాలి ఓడలు ఎందుకు నిలబడలేదో లెక్క చెప్పకుండానే పిల్లకు తెలిసిపోయింది. మంటల సంగతి తర్వాత.

ఇక గుడ్డ. ఓడ పైన వేయడానికి వెండిరంగు శాటిన్ ఇచ్చారు, పాలిస్టర్. నాలుగు చదరపు ముక్కలు. బుడ్డగా, రెండు కొసలా సన్నగా ఉండే దానికి చదరపు ముక్కలు అతికితే ఏమవుతుంది? కొత్తగా కుట్టు నేర్చుకునే పిల్లలు కూడా చెప్తారు, ముడతలు పడతాయని. పడ్డాయి. జిగురు సీసా సగం ఎండిపోయి వచ్చింది, ఉన్నంతలో అతికినా మర్నాటికి అంచులు లేచాయి. ఓడ కాస్తా తడిసిన మునక్కాయలా తయారైంది. పిల్ల మొహం చూడలేకపోయాను.

ఆ శాటిన్ పీకేసి, నా దగ్గరున్న సన్న మల్ గుడ్డ తీశాను. కలీల ఫ్రాక్ ఎట్లా కత్తిరిస్తామో అట్లా ఎనిమిది కలీలు, నడుమ ఒక్కొక్కటి ఒకటింపావు అంగుళం, కొసలకు వచ్చేసరికి దారం మందం. మార్జిన్ రెండు దారాలే వదిలాను. కచ్చా కుట్టు వేసి, చట్రం మీద తొడిగి, చివరి కుట్టు చేత్తో వేశాను. పైన గంజి. పల్చటి గంజి బ్రష్‌తో రాసి నీడలో ఆరబెడితే గుడ్డ డప్పులా బిగుసుకుంది. మొదటిసారి గంజి చిక్కగా పెట్టి ఒక పుల్ల విరగ్గొట్టుకున్నాను, అది నా తప్పు. గుడ్డ ఆరుతూ అంత గట్టిగా లాగుతుందని అనుకోలేదు.

తర్వాత పిల్ల చదివి వినిపిస్తే నవ్వొచ్చింది. అసలు హిండెన్‌బర్గ్ మీద వేసిందీ నూలు గుడ్డే. దాని మీద పూసే పూత పని కూడా ఇదే: గుడ్డను బిగించాలి, వాన నీళ్లు దిగకుండా ఆపాలి. అందులో అల్యూమినియం పొడి కలిపేవాళ్లు. వెండిరంగు అందం కోసం కాదు, ఎండ తగిలి లోపలి వాయువు వేడెక్కి ఉబ్బకుండా. మనం గేట్లకు వేసే అల్యూమినియం పెయింట్ చిన్న డబ్బా తెప్పించి రెండు చేతులు వేశాం. పాలిస్టర్ శాటిన్‌కు రాని కళ వచ్చింది. ఈ కిట్ తయారుచేసిన వాళ్లు కట్టెను ప్రేమించారు, గుడ్డను పైన కప్పే మూత అనుకున్నారు. గాలి ఓడకు ప్రాణం గుడ్డలో ఉంటుంది.

నమ్మకపోతే ఆర్101 సంగతి చూడండి. ఇంగ్లండ్ వాళ్లు కట్టిన ఓడ, వెళ్లాల్సింది కరాచీకి. అప్పుడు కరాచీ మన దేశంలోదే, దాని కోసం అక్కడ కొండంత షెడ్డు కూడా కట్టి పెట్టారు. ఓడ బరువెక్కువై సరిగా లేవట్లేదని 1930లో నడుమ కోసి, మధ్యలో కొత్త భాగం కలిపి 777 అడుగులు చేశారు. జాకెట్ బిగుతైందని కుట్టు విప్పి పక్కన గుడ్డ వేస్తామే, అదే. పై గుడ్డతో మొదటి నుంచీ తిప్పలే. అతుకులకు వాడిన రబ్బరు జిగురు పాత పూతతో కలిసి గుడ్డను పెళుసు చేసింది. చాలావరకు మార్చారు. అక్టోబర్ 4 సాయంత్రం వానలో బయల్దేరింది. తెల్లవారితే 5, ఫ్రాన్స్‌లో బోవే దగ్గర కూలి తగలబడింది. 54 మందిలో 48 మంది పోయారు, విమాన శాఖ మంత్రి లార్డ్ థామ్సన్‌తో సహా. ముందు భాగంలో గుడ్డ చిరిగి, లోపల ఓడను తేల్చే వాయువు సంచులు దెబ్బతిని ఉండొచ్చని విచారణలో తేల్చారు. కరాచీ షెడ్డులోకి ఒక్క ఓడా రాలేదు. ఇది చదివిన రోజు నేను మిషన్ ముందు కూర్చుని కాసేపు ఏ పనీ చేయలేదు. పాత గుడ్డ మీద కొత్త అతుకు నిలవదని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ వాయువు సంచులు దేనితో చేసేవాళ్లో కూడా చెప్పాలి. పశువుల పేగు పొరతో! ఒక్క ఓడకు లక్షల పొరలు. పిల్ల "ఛీ" అని పరుగెత్తింది. హిండెన్‌బర్గ్ నాటికి ఆ పద్ధతి పోయింది.

కిట్‌తో ఇచ్చిన కాగితంలో రెండు తప్పులున్నాయి. హిండెన్‌బర్గ్‌లో హీలియం అనే మండని వాయువు నింపారని రాశారు. హీలియం కోసమే గీసిన ఓడ, ఆ మాట నిజం. కానీ ఆ వాయువు అమెరికా దగ్గరే ఉండేది, బయటికి పోకుండా చట్టం పెట్టుకున్నారు. చివరికి ఇట్టే మండే హైడ్రోజన్ రెండు లక్షల ఘనపు మీటర్లు నింపారు. దాని కింద కూర్చుని సిగరెట్ తాగడానికి గది కూడా పెట్టారు, రెండు తలుపులతో, బయటి హైడ్రోజన్ లోపలికి రాకుండా గాలి ఒత్తిడి పెంచి, ఓడ మొత్తానికి ఒకే ఒక్క లైటర్‌తో. రెండో తప్పు: కింద వేలాడే చిన్న గదిలో ప్రయాణికులు కూర్చునేవారని రాశారు. అంతకుముందు ఓడ గ్రాఫ్ జెప్లిన్‌లో అట్లాగే ఉండేది. హిండెన్‌బర్గ్‌లో జనం ఉండేది పొట్ట లోపల, రెండు అంతస్తుల్లో. కింది గది నడిపేవాళ్లది.

1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో హిండెన్‌బర్గ్ కాలిపోయిన ఫొటో అందరూ చూసిందే. అరనిమిషం పైన కొన్ని సెకన్లు, అంతే. కానీ ఓడలో ఉన్న 97 మందిలో 62 మంది బతికారని చాలామందికి తెలియదు. మా పిల్లకు ఆ అంకె చెప్పాకే నిద్రపట్టింది.

కాగితంలో మన దేశం పేరు ఎక్కడా లేదు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో పెకె అనే ఫ్రెంచి కుర్రవాడు సుమారు 6,500 ఉత్తరాలతో యమున దాటి నైనీలో దిగాడు, 13 నిమిషాల్లో. విమానంలో అధికారికంగా టపా వెళ్లడం అదే మొదలు. అమెరికాలో 1914 జనవరి 1న ఫ్లోరిడాలో టికెట్ మీద మనుషుల్ని తీసుకెళ్లే సర్వీసు మొదలైంది, సముద్రంలో దిగే విమానం, ఒక్కసారికి ఒక్క ప్రయాణికుడు, 5 డాలర్లు. 200 పౌండ్లు దాటిన మనిషికి అదనంగా వసూలు చేసేవాళ్లట. మన లెక్కలో 90 కిలోలు. మా షాపుకొచ్చే ఒకామె విని "నేను బస్సులోనే పోతా" అంది.

డకోటా విషయానికొస్తే, దానికి మనకూ చుట్టరికం ఉంది. 1945లో బేగంపేట కేంద్రంగా నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపింది ఈ విమానాలనే. వరంగల్ పక్కన మన మామునూరులో 1930లోనే విమానాశ్రయం ఉంది. మా బాపు ఆజంజాహి మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసేవాడు. నాకు పదేళ్లప్పుడు ఒక సెలవు రోజు సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని ఖమ్మం రోడ్డున మామునూరు తీసుకుపోయాడు, విమానం చూపిస్తానని. పొద్దంతా కూర్చున్నాం. ఒక్కటీ రాలేదు. తెచ్చుకున్న సజ్జ రొట్టెలు తిని వచ్చాం. తర్వాత నాలుగేళ్లకే అది మూతపడింది. ఇప్పుడు మళ్లీ తెరుస్తామంటున్నారు, చూద్దాం. ఇంత కథ ఉన్న విమానాన్ని ఈ కిట్‌లో నాలుగు ముక్కల్లో ముగించారు. రెక్క పట్టుకుంటే విరిగింది.

కొనాలా? ఇంట్లో సూది పట్టడం వచ్చినవాళ్లు ఉంటే కొనండి, శాటిన్ పక్కన పడేసి పావు మీటరు మల్ గుడ్డ తెచ్చుకోండి. లేకపోతే ఈ ధర దండుగ. కట్టెకు ఐదుకు ఐదు, గుడ్డకు సున్నా, కాగితానికి ఒకటి.

మా పెట్టెలో ఓడ తోక రెక్క ఒకటి తక్కువ వచ్చింది. ఓడకు నాలుగుండాలి, మూడే ఉన్నాయి. ఫొటోలు పెట్టి మూడుసార్లు రాశాం. ఓడను అట్లాగే షాపులో దూలానికి కట్టాను, ఫ్యాను రెండు మీద పెడితేనే నిలుస్తుంది, మూడు పెడితే తిరుగుతుంది. పోయిన శుక్రవారం కొరియర్ వచ్చింది. విప్పితే లోపల ఇంకో డకోటా ఉంది.