ముందు మెమరీనా, ఫ్లాపీ డ్రైవా? పాత కంప్యూటర్‌లో తప్పు వెతకడానికి ఏ దారి మేలు?

పర్లాకిమిడిలో మా మామయ్య ఇంట్లో 1980ల నాటి ఐబీఎం ఎక్స్‌టీ తరహా కంప్యూటర్ ఒకటి, తెలుగులో టైపు చేసిన పాత ఇంటి పత్రాలున్న ఐదుంపావు అంగుళాల ఫ్లాపీల పెట్టె ఒకటి ఇప్పటికీ ఉన్నాయి. నిరుడు వానాకాలంలో ఆ యంత్రం ఫ్లాపీల నుంచి తెచ్చిన ఫైళ్లలో అక్షరాలు తారుమారు కావడం మొదలైంది. దుకాణంలో చూపిస్తే డ్రైవు చెడిందని మార్చేశారు, అయినా తప్పు పోలేదు. చివరికి దోషం ఒక మెమరీ చిప్పుదని తేలింది.

ఎక్స్‌టీలో ఫ్లాపీ నుంచి చదివిన బైట్లు డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీకి చేర్చే ఏర్పాటు) ద్వారా నేరుగా మెమరీలో చేరతాయి కనుక, అక్కడ ఒక్క బిట్టు (బైటులోని ఎనిమిది భాగాల్లో ఒకటి) చెడినా నింద ఫ్లాపీ మీద పడుతుంది. పైగా మెమరీ పరీక్షించే ప్రోగ్రామును కూడా ఆ ఫ్లాపీ నుంచే ఎక్కించాలి. అందుకే ఫ్లాపీతో పని లేని పద్ధతిలో ముందు మెమరీని తేల్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఆ పద్ధతి యంత్రంలోనే ఉంది. ఐబీఎం ఎక్స్‌టీ స్విచ్ వేయగానే మెమరీని పరీక్షించుకుని, దోషముంటే 201 అనే కోడ్‌తోపాటు ఏ బిట్టు చెడిందో కూడా అంకెల్లో చూపుతుంది: 01 అంటే సున్నా బిట్టు, 02 అంటే ఒకటో బిట్టు, 04 అంటే రెండో బిట్టు, ఇలా 80 వరకు సాగుతుంది, 00 అయితే పారిటీ చిప్పు (మిగతా బిట్లు సరిగా ఉన్నాయో లేదో సరిచూసేది). చాలా చిప్పులు వేడెక్కాకే తప్పుతాయి కాబట్టి గంటసేపు నడిపిన తరువాత చూడాలి. అప్పుడు కూడా మూడు మీటలు (కంట్రోల్, ఆల్ట్, డిలీట్) నొక్కి మళ్లీ మొదలుపెడితే మెమరీ పరీక్ష జరగదు, పూర్తిగా ఆపి తిరిగి వేయాలి. మేము ఇన్నాళ్లూ మోసపోయింది సరిగ్గా ఇక్కడే.

కోడ్ కనిపించాక చిప్పు మార్చడమా, పైన మరో చిప్పు పెట్టి చూడడమా? చిప్పులు సాకెట్లలో ఉంటే స్థానాలు మార్చి చూడడమే నిస్సందేహంగా మేలు. మాకు 04 వచ్చింది. ఆ చిప్పును పక్కనున్న మూడో బిట్టు చిప్పుతో మార్చాక 08 వచ్చింది, అంటే దోషం చిప్పుతోపాటే కదిలింది. కోడ్ మారకపోయి ఉంటే సాకెట్‌నో బోర్డునో అనుమానించాలి. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లబడే చిప్పులు సాకెట్ల నుంచి కొద్దికొద్దిగా పైకి లేస్తాయి. మా వైపు తేమకు వాటి కాళ్లు మసకబారతాయి కూడా. తీసి శుభ్రపరచి అదిమితేనే తగ్గిన తప్పులు కొన్ని ఉంటాయి. గుంట గుర్తు ఏ వైపుందో చూసుకోకుండా తిప్పి పెడితే మాత్రం మంచి చిప్పు కూడా పోతుంది.

జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64 వంటి పాత ఇంటి కంప్యూటర్లలో చిప్పులు చాలావరకు సోల్డర్ చేసి ఉంటాయి. వాటి మీద అదే రకం మంచి చిప్పును, కాళ్లు తాకేలా, పేర్చి చూడవచ్చు. అయితే చెడిన చిప్పు తన లైనును షార్ట్ చేసి ఉంటే పైనున్నది కూడా సాయపడదు గనుక, ఫలితం రాకపోతే ఆ చిప్పు మంచిదని తీర్పు చెప్పకూడదు. కమొడోర్ 64కు డెడ్ టెస్ట్ కార్ట్రిడ్జ్ (గుచ్చితే తప్పు వెతికే పెట్టె) ఉంటే అదే నయం: తెర ఎన్నిసార్లు మెరిస్తే ఏ చిప్పో తెలుస్తుంది.

మెమరీ తేలాక ఫ్లాపీ డ్రైవు. ఇక్కడ ప్రోగ్రాములకన్నా కన్నూ చేయీ నమ్మదగినవి. దీపం ఆరకుండా వెలుగుతూ ఉంటే కేబుల్ తిరగబడి ఉంటుంది. డ్రైవు తాను రాసినవి చదువుతూ ఇతర డ్రైవులు రాసినవి చదవకపోతే హెడ్ (ఫ్లాపీని చదివి రాసే భాగం) స్థానం తప్పింది. 1.2 ఎంబీ డ్రైవులో తిరిగి రాసిన 360 కేబీ ఫ్లాపీ మరో 360 కేబీ డ్రైవులో చదవకపోవడం తరచుగా జరిగేదే, డ్రైవు దోషం కాదు. 1.2 ఎంబీ డ్రైవు సన్నని ట్రాకులు (రాత వరుసలు) రాస్తుంది కాబట్టి పాత రాతలు పక్కన మిగిలిపోతాయి. శుభ్రపరచడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూది చాలు. హెడ్ స్థానం సరిచేయడం మాత్రం తగిన సాధనాలు లేనివారు చేయకపోవడమే మంచిది.

వానల కాలంలో ఫ్లాపీ కవరు కిటికీలో కనిపించే భాగాన్ని వెలుగులో చూడాలి. బూజు మచ్చలుంటే ఆ ఫ్లాపీని డ్రైవులో పెట్టకూడదు, హెడ్‌కు అంటి తరువాతి ఫ్లాపీని గీస్తుంది. మంచివాటికి కూడా పక్క గంటుకు అంటుడు పట్టీ వేసి, రాతకు వీలు లేకుండా చేశాకే మేము పెట్టడం మొదలుపెట్టాం.