మైకుకు చిక్కని ఫ్యాను

మా అమ్మకు చూపు మందగించాక రోజూ రాత్రి ఒక కథో, నవలలో ఒక అధ్యాయమో చదివి రికార్డు చేసి ఇస్తున్నాను. ఒకరోజు ఆమె, "వాక్యానికీ వాక్యానికీ మధ్య ఎవరో సన్నగా ఈల వేస్తున్నట్టుందిరా, ఏమిటది?" అని అడిగింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. నిజమే. చదువుతున్నంతసేపూ నా గొంతు కింద అణిగి ఉండి, నేను ఊపిరి తీసుకునే చోట పైకి తేలుతోంది. అది నా కంప్యూటర్ ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ చప్పుడు. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చిన చిన్న ఫ్యాను కూలర్ అది.

నన్ను ఎక్కువగా వేధించింది ఆ చప్పుడులోని హెచ్చుతగ్గులు. ఫైలు సేవ్ చేస్తే చాలు, ప్రాసెసర్ ఒక్క క్షణంలో పదిహేను డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ చిన్న ఫ్యాను ఉలిక్కిపడి లేస్తుంది, అంతలోనే సద్దుమణుగుతుంది. ఒకే తీరున సాగే హోరుకు చెవి కాసేపటికి అలవాటు పడుతుంది. లేచి పడే చప్పుడుకు మాత్రం అలవాటు పడదు. రికార్డింగులో రొదను తుడిచే సాఫ్ట్‌వేర్‌కూ ఇదే చిక్కు: నిలకడగా ఉన్నదాన్ని శుభ్రంగా తీసేస్తుంది, మారుతూ ఉండేదాన్ని తీయబోయి గొంతును కూడా పాడుచేస్తుంది.

కొత్త కూలర్ ఎంచుకునేటప్పుడు మొదట డెసిబెల్ అంకెల వెంట పడ్డాను. వాటిని పోల్చి లాభం లేదు. ఒకరు మీటరు దూరంలో కొలుస్తారు, మరొకరు అర మీటరులో. దూరం సగమైతే అదే ఫ్యాను దాదాపు 6 డెసిబెల్స్ ఎక్కువ చూపిస్తుంది. అంతకన్నా ఫ్యాను వెడల్పు, హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని తీసుకుని గాలికి వదిలే లోహపు భాగం) పరిమాణం చూడటం మేలు. వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, చప్పుడు మాత్రం ఇంచుమించు 15 డెసిబెల్స్ పడిపోతుంది. పెద్ద రెక్కలు తాపీగా తిరిగినా పని జరిగేలా ఉండాలి, అదీ లెక్క.

అలా వెతికి నాక్టువా కంపెనీ ఎన్‌హెచ్-యు12ఎస్ కూలర్ తీసుకున్నాను. అయిదు హీట్ పైపులు ప్రాసెసర్ వేడిని పైకి మోసుకెళ్లి, గోపురంలా ఒకదానిపై ఒకటి పేర్చిన అల్యూమినియం రేకులకు అందిస్తాయి. పక్కనున్న 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఆ రేకుల మధ్య నుంచి గాలి తోస్తుంది. ఫ్యాను మూలల్లో మెత్తని రబ్బరు ముక్కలున్నాయి, అదురు లోహానికి ఎక్కకుండా. ఆ గోధుమరంగు ఫ్యాను కొందరికి నచ్చదు. నా క్యాబినెట్ (కంప్యూటర్ భాగాలుండే పెట్టె) తలుపుకు అద్దం లేదు కాబట్టి నాకు పట్టింపు లేదు. ఎత్తు మాత్రం 158 మిల్లీమీటర్లు. మీ క్యాబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో చూసుకున్నాకే కొనండి.

బిగించడానికి అరగంట పట్టింది. ప్రాసెసర్ వేడి కూలర్‌కు చక్కగా అందేలా మధ్యలో పూసే పేస్టు ఒకటుంటుంది. పాతదాన్ని శుభ్రంగా తుడిచి, వాళ్లిచ్చిన ట్యూబు నుంచి బఠాణీ గింజంత పెట్టాను. స్ప్రింగులున్న మరలు రెండే. ఒకదాన్ని పూర్తిగా బిగిస్తే రెండోది అందదు. ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు తిప్పుతూ పోవాలి.

ఇంతా చేసి మొదటి రాత్రి రికార్డు చేస్తే ఈల పోయింది కానీ లేచి పడటం పూర్తిగా పోలేదు. తప్పు కూలర్‌ది కాదు, కంప్యూటర్ భాగాలన్నీ అమర్చే మదర్‌బోర్డు దాన్ని నడిపే తీరుది. బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగులు మార్చుకునే చోటికి వెళ్లి 60 డిగ్రీల వరకు నిమిషానికి 600 చుట్లే తిరగాలని, 75 దగ్గర 900 దాటకూడదని, 85 డిగ్రీలకు పూర్తి వేగం అందుకోవాలని పెట్టాను. వేడి పెరిగిన వెంటనే కాకుండా కొన్ని సెకన్లు ఆగి వేగం మార్చే ఏర్పాటు కూడా అక్కడే ఉంది. దాన్నీ ఎంచుకున్నాను. ఈ ఒక్క మార్పు చేయకపోతే ఎంత మంచి కూలర్ కొన్నా సగం ఫలితమే దక్కుతుంది.

ఇప్పుడు చదివేటప్పుడు ప్రాసెసర్ 45 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మైకు మూడడుగుల దూరంలో ఉన్నా ఫ్యాను దానికి చిక్కడం లేదు. వీడియో తయారుచేస్తే 70 వరకు వెళుతుంది. అప్పుడు గాలి చప్పుడు మెల్లగా వినిపిస్తుంది, కీచుమనదు. నాది 65 వాట్ల ప్రాసెసర్. అంతకు రెండింతలు, మూడింతలు విద్యుత్తు తీసుకునే ప్రాసెసర్‌ను గంటల తరబడి పూర్తి బలంతో నడిపేవారు ఇంకా పెద్ద హీట్ సింక్ తీసుకోవాలి.

ఈ కొత్త కూలర్ పెట్టెలో ఫ్యాను గరిష్ఠ వేగాన్ని 1,500 చుట్ల నుంచి 1,200కు తగ్గించే చిన్న తీగ కూడా ఉంటుంది. నాకు దాని అవసరం రాలేదు. వేగం మార్చుకునే వీలు లేని పాత మదర్‌బోర్డు ఉన్నవారు దాన్ని తప్పక వాడండి.