నీలగిరి తైలంలో ఏది మేలు? గ్లోబ్యులస్, రేడియాటా, సిట్రియొడోరా

చలిగాలి మొదలవుతుందనగా తెలిసినవారు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంట్లో ఒక్క సీసా నీలగిరి తైలం ఉంచుకోవాలంటే ఏ రకం కొనాలి? ఒకప్పుడు ఈ ప్రశ్నకు చోటే లేదు. ఊటీ, కూనూరు వెళ్ళివచ్చినవారు తెచ్చి ఇచ్చినదే నీలగిరి తైలం. ఇప్పుడు ఆన్‌లైన్ అంగళ్ళలో యూకలిప్టస్ పేరుతోనే గ్లోబ్యులస్, రేడియాటా, సిట్రియొడోరా అని మూడు రకాలు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. మూడింటికీ ఇంచుమించు అవే గుణాలు రాసి అమ్ముతున్నారు కనుక కొనేవారు తికమకపడటం సహజం. వాసన, ఉపయోగం, ధర చూసుకోవలసినవే అయినా, ఎంపికను తేల్చే విషయం నా దృష్టిలో వేరు. ఆ తైలంలో సినియోల్ అనే ఘాటైన పదార్థం ఎంత ఉంది, దాన్ని పీల్చే ఇంట్లో ఎవరెవరు ఉన్నారు అన్న రెండు సంగతులు తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

మనం తరతరాలుగా వాడుతున్నది యూకలిప్టస్ గ్లోబ్యులస్ ఆకులను ఆవిరికి ఉడికించి తీసిన తైలం. ఆగ్నేయ ఆస్ట్రేలియాకూ టాస్మేనియాకూ చెందిన ఈ చెట్టును 1843లో నీలగిరి కొండలకు తెచ్చారు. వంటచెరకు కోసం పెంచిన ఆ తోటల ఆకుతోనే తర్వాత అక్కడ తైలం తీయడం ఒక జీవనోపాధి అయింది. ఈ తైలంలో సినియోల్ సాధారణంగా 60 నుంచి 85 శాతం దాకా ఉంటుంది. ఔషధంగా వాడే తైలంలో అది కనీసం 70 శాతం ఉండాలని ఐరోపాలో మందుల ప్రమాణాలు తెలిపే గ్రంథమైన యూరోపియన్ ఫార్మకోపియా నిర్ణయించింది. మూత తీయగానే ముక్కుపుటాలను తాకే ఆ చల్లని ఘాటు, వెనుకనే వచ్చే కర్పూరపు వాసన చాలావరకు ఈ సినియోల్‌వే.

ముక్కు దిబ్బడకు ఇది పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది, కానీ మనం అనుకునే విధంగా కాదు. మెంథాల్ మాదిరిగానే సినియోల్ కూడా చల్లదనాన్ని పసిగట్టే నాడీ గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. అందువల్ల ముక్కు లోపలి వాపు అలాగే ఉన్నా గాలి ధారాళంగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. రాత్రి నిద్ర పట్టనివ్వని పడిశంలో ఆ ఊరట చిన్నది కాదు, దాన్ని తీసిపారేయనక్కరలేదు. అయితే ఊరట కలగడానికి ఒకటి రెండు చుక్కలు చాలు, చుక్కలు పెంచినంత మాత్రాన వాపు తగ్గదు. సైనస్ వాపుకు, శ్వాసనాళాల వాపుకు జర్మనీలో సినియోల్ గుళికలను మందుగా వాడుతున్న మాట నిజమే. అవి ఒక్కొక్కటి 200 మిల్లీగ్రాముల చొప్పున కొలిచి తయారుచేసినవి. వాటిని చూపించి సీసాలోని తైలాన్ని వేడినీళ్ళలోనో తేనెలోనో కలిపి తాగమని చెప్పే సలహాలను దయచేసి ఎవరూ పాటించవద్దు.

ఇక రేడియాటా. సువాసన ఒక్కటే చూస్తే దీనికే మొదటి స్థానం ఇస్తాను. గ్లోబ్యులస్‌లోని మొరటు ఘాటు ఇందులో కొంత మెత్తబడి, అడుగున తియ్యదనం, కాస్త నిమ్మ ఛాయ ఉంటాయి. గదిలో వ్యాపించినప్పుడు ఆసుపత్రి గుర్తుకు రాదు. తలనొప్పి తరచుగా వచ్చేవారికి, ఘాటు వాసనలు పడనివారికి ఇది హాయిగా తోస్తుంది. ధర మాత్రం గ్లోబ్యులస్ కంటే చాలా ఎక్కువ. ఆ ధరకు సమర్థనగా అమ్మేవారు చెప్పే మాట ఏమిటంటే, ఇది సౌమ్యమైనది కనుక పసిపిల్లలకు కూడా క్షేమమని. చాలామంది తల్లులు నన్ను అడిగేది కూడా ఈ మాట నమ్మవచ్చా అనే.

నమ్మకూడదు. వాసన మెత్తగా ఉండటానికి కారణం ఇందులో ఆల్ఫా టెర్పినియోల్ వంటి ఇతర పదార్థాలు కలిసి ఉండటమే తప్ప సినియోల్ లేకపోవడం కాదు. రేడియాటా తైలంలోనూ సినియోల్ సాధారణంగా 60 శాతానికి పైగానే ఉంటుంది. పసిపిల్లల విషయంలో భయపడవలసింది ఘాటుకు కాదు, సినియోల్‌కు. చిన్నపిల్లల ముక్కు దగ్గర గానీ ముఖం మీద గానీ ఈ తైలాన్ని రాసినప్పుడు స్వరపేటిక ఒక్కసారిగా బిగుసుకుపోయి ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది. అందుకే రెండున్నరేళ్ళ లోపు పిల్లలకు దీన్ని వాడరాదని యూరోపియన్ ఔషధ సంస్థ స్పష్టంగా చెప్పింది. గ్లోబ్యులస్‌కు ఏ హెచ్చరిక వర్తిస్తుందో రేడియాటాకూ అదే వర్తిస్తుంది. వాసన పిల్లవాడికి ఇబ్బంది కలిగించడం లేదు కదా అని తల్లి మరో చుక్క వేసే అవకాశం ఉంది కాబట్టి, ఆ మెత్తదనమే ఒక్కొక్కసారి ఎక్కువ హాని చేయగలదని నా భయం.

మింగినప్పటి సంగతి ఇంకా తీవ్రమైనది. ఒక టీ చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, కొన్నిసార్లు అంతకంటే తక్కువ తైలం కూడా చిన్నపిల్లలకు ప్రాణాపాయం తెచ్చిన ఉదంతాలు వైద్యులు నమోదు చేశారు. మింగిన కొద్ది నిమిషాల నుంచి అరగంట లోపే మగత, వాంతులు, మూర్ఛ, స్పృహ తప్పడం మొదలుకావచ్చు. మన ఇళ్ళలో ఈ సీసా ఉండేది దగ్గుమందు పక్కనే, సీసా పరిమాణం కూడా ఇంచుమించు అంతే కనుక రాత్రి మసక వెలుతురులో ఒకదానికి బదులు ఇంకొకటి పోయడం ఊహించరానిదేమీ కాదు. పొరపాటున మింగితే వేలు పెట్టి వాంతి చేయించకూడదు. వాంతితో పాటు తైలం ఊపిరితిత్తుల్లోకి జారితే అది మరో ప్రమాదం. సీసాను వెంట పట్టుకుని, 108కి ఫోన్ చేసో స్వంత వాహనంలోనో వెంటనే ఆసుపత్రికి చేరాలి.

పెద్దల్లో మూర్ఛ వ్యాధి ఉన్నవారు కూడా దీనికి దూరంగా ఉండటం మంచిది. నీలగిరి తైలం పీల్చిన తర్వాత మూర్ఛ వచ్చిన రోగుల గురించి బెంగళూరు వైద్యులు 2017లో ఒక పత్రం ప్రచురించారు. వారిలో కొందరికి అంతకుముందు మూర్ఛ వచ్చిన చరిత్రే లేదు. ఇది అందరికీ జరుగుతుందని కాదు, కానీ ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఈ సంగతి తెలియకుండా ఉండకూడదు. ఉబ్బసం ఉన్నవారిలోనూ ఘాటైన వాసన కొందరికి ఆయాసాన్ని పెంచుతుంది.

ఏ రకం కొన్నారన్న దానికంటే ఎలా వాడుతున్నారన్నది ముఖ్యం కనుక పద్ధతుల గురించి కూడా చెప్పాలి. కోవిడ్ కాలంలో మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటింటా ఆవిరి పట్టారు, ఆ అలవాటు చాలా ఇళ్ళలో అలాగే నిలిచిపోయింది. మరుగుతున్న నీళ్ళ గిన్నె మీద దుప్పటి కప్పుకుని కూర్చోవడంలో తైలం కంటే ముందు నీళ్ళే ప్రమాదం. గిన్నె ఒరిగి ఒళ్ళు కాలిన పిల్లలు ప్రతి ఏటా ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. పైగా మరిగే నీటిలో వేసిన తైలం ఒక్కసారిగా ఆవిరై కళ్ళకూ గొంతుకూ సోకుతుంది. దీనికి బదులు చేతిరుమాలు మీద ఒకటి రెండు చుక్కలు వేసుకుని, ముఖానికి కొద్ది దూరంలో పెట్టుకుని వాసన చూడటం నాకు నచ్చిన పద్ధతి. ఎంత పీలుస్తున్నామో మన చేతిలో ఉంటుంది, చాలనుకుంటే రుమాలు తీసేయవచ్చు. తైలాన్ని గదంతా వెదజల్లే డిఫ్యూజర్ వాడేవారికి ఆ వీలు లేదు. గదిలో ఉన్న అందరూ, నిద్రపోతున్న పిల్లలతో సహా, దాన్ని పీల్చవలసిందే. అరగంట మించకుండా, కిటికీ తెరిచి, పిల్లలూ పెంపుడు పిల్లులూ కుక్కలూ లేని గదిలో అయితే సరే.

ఒంటినొప్పులకు రాసుకునేవారు నేరుగా చర్మం మీద పోసుకోకుండా, ఒక టేబుల్ స్పూను కొబ్బరినూనెలో లేదా నువ్వులనూనెలో ఐదారు చుక్కలు కలుపుకుంటే చాలు. స్నానపు నీళ్ళలో వేయడం వల్ల ప్రయోజనం లేదు. తైలం నీటిలో కరగక పైన తేలి, ఒంటికి చిక్కగా అంటుకుని మంట పుట్టిస్తుంది.

మూడవదైన సిట్రియొడోరా అసలు ఈ పోటీలోనిదే కాదని నా అభిప్రాయం. పూర్వం దీన్ని యూకలిప్టస్ ప్రజాతిలోనే లెక్కించేవారు, 1995లో వృక్షశాస్త్రజ్ఞులు కొరింబియా అనే వేరే ప్రజాతిలో చేర్చారు. ఇందులో ప్రధానమైనది సినియోల్ కాదు, సిట్రొనెల్లాల్. అందుకే ఆకు నలిపితే నిమ్మగడ్డి, నిమ్మపండు కలిసిన కమ్మని వాసన వస్తుంది. సబ్బుల్లో, అత్తరుల్లో, నేల తుడిచే నీళ్ళలో దీనికి మంచి స్థానం ఉంది. ముక్కు దిబ్బడకు మాత్రం దీన్ని కొనడం డబ్బు దండగ. దోమల కోసం కొనేవారు ఒక తేడా గమనించాలి. అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సిఫారసు చేసే లెమన్ యూకలిప్టస్ మందు ఈ ఆకుల సారాన్ని శుద్ధిచేసి, అందులో దోమలను తరిమే పీఎండీ అనే పదార్థాన్ని పెంచి తయారుచేసినది. చిన్న సీసాల్లో అమ్మే సిట్రియొడోరా తైలంలో పీఎండీ చాలా తక్కువ, కాబట్టి దాని రక్షణ కొద్దిసేపటికే పరిమితం. పీఎండీ ఉన్న మందును కూడా మూడేళ్ళ లోపు పిల్లలకు రాయవద్దనే చెబుతారు.

మిగిలినవాటి గురించి రెండు మాటలు చాలు. కోస్తాలో, ఖమ్మం, భద్రాచలం వైపు కాగితపు మిల్లుల కోసం పెంచే జామాయిల్ వేరే జాతులదీ సంకరాలదీ కనుక ఆ ఆకును మరిగిస్తే ఎంత సినియోల్ వస్తుందో చెప్పలేం. హైదరాబాదులో 1920 నుంచి తయారవుతున్న జిందా తిలిస్మాత్‌లో ప్రధానంగా ఉండేది నీలగిరి తైలమే కాబట్టి ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ పాటించాలి. కర్పూరం కలిసిన బామ్‌లు పెద్దలకు సౌకర్యమే, కానీ కర్పూరం కూడా మూర్ఛ తెప్పించగలదు. పసిపిల్లల మెడలో కర్పూరం, వాము మూటకట్టి వేసే అలవాటును మానుకోవడమే మంచిది.

ఇంట్లో అందరూ పెద్దవారే అయి, ఫిట్స్, ఉబ్బసం లేకపోతే నేను చెప్పేది గ్లోబ్యులస్. ముదురు రంగు గాజు సీసాలో, అన్నిటికంటే చిన్న పరిమాణంలో, వృక్షశాస్త్ర నామమూ సినియోల్ శాతమూ ముద్రించి ఉన్నదే తీసుకోవాలి. ఏ వివరమూ లేని సీసా ఎంత చవకైనా వద్దు. ఘాటు భరించలేనివారు, ఎక్కువ ఖర్చుకు సిద్ధపడేవారు రేడియాటా కొనుక్కోవచ్చు, అదీ పెద్దలకే. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి మాత్రం ఈ మూడింటిలో ఏదీ కొనమని చెప్పను. వాళ్ళ ముక్కు దిబ్బడకు డాక్టరు చెప్పిన ఉప్పునీటి చుక్కలు చాలు. మా ఇంట్లో ఉన్నది ఒక్క గ్లోబ్యులస్ సీసా. మనవరాలు వచ్చిన రోజుల్లో అది బీరువాలో తాళం వెనుకే ఉంటుంది, ఎవరికి ఎంత జలుబు చేసినా బయటికి రాదు.