ఒళ్లు దాచుకుని ఆడేవాడికి ఏ మందు మేలు: జరిమానానా, సగం సొమ్మా, హాజరు పట్టీనా, డ్రా మార్చడమా?

2012 జులై 31 రాత్రి లండన్ వెంబ్లీ అరీనాలో ఒలింపిక్ మహిళల డబుల్స్‌కి టికెట్ కొన్నవాళ్లు చూసిన ఆట ఇది. చైనా టాప్ సీడ్ జోడీ యు యాంగ్, వాంగ్ షియావోలి సర్వీసును నెట్‌కేసి కొడుతున్నారు. అవతల ఉన్న కొరియా జోడీదీ అదే వరస. డబుల్స్‌లో షార్ట్ సర్వీసు అంటే షటిల్ 1.524 మీటర్ల నెట్ పట్టీని రాసుకున్నట్టు దాటి, నెట్‌కి 1.98 మీటర్ల దూరంలో ఉన్న గీత దగ్గర దిగాలి. ఒక్కోసారి నెట్‌కి తగలడం ఎవరికైనా మామూలే. ప్రపంచంలో మేటి జోడీకి మాత్రం మాటిమాటికీ తగలదు. తొలి గేములో అన్నిటికన్నా పొడవైన ర్యాలీ నాలుగు షాట్లు. హాలంతా గోల. కొరియా జోడీ 21–14, 21–11తో గెలిచింది, గెలవక తప్పక.

కారణం డ్రా కాగితంలో, అంటే ఎవరికి ఎవరు ఎదురవుతారో చెప్పే పట్టీలో ఉంది. అదే రోజు చైనా రెండో జోడీ టియాన్ చింగ్, ఝావో యున్‌లీ డెన్మార్క్ జోడీ చేతిలో ఓడి తమ గ్రూపులో రెండో స్థానానికి జారారు. యు, వాంగ్ తమ గ్రూపులో మొదట నిలిస్తే సొంత దేశం వాళ్లే ఫైనల్‌కి ముందు ఎదురవుతారు. ఓడితే ఆ బెడద ఉండదు. వీళ్లు ఓడాక మరో గ్రూపులోని ఇంకో కొరియా జోడీకీ ఇండోనేషియా జోడీకీ కొత్త చిక్కు వచ్చిపడింది: గెలిచినవాళ్లకు క్వార్టర్స్‌లో యు, వాంగ్ తగులుతారు. దాంతో ఆ మ్యాచ్‌లోనూ అదే తంతు. మర్నాడు నాలుగు జోడీల్నీ పోటీ నుంచి తీసేశారు. మ్యాచ్ గెలవడానికి శక్తిమేరకు ప్రయత్నించలేదన్నది మోపిన నేరాల్లో ఒకటి.

ఇక్కడ డబ్బు ప్రసక్తే లేదు. ఒలింపిక్ బ్యాడ్మింటన్‌లో ప్రైజ్ మనీ సున్నా. పతకం తెచ్చాక ప్రభుత్వాలు ఇచ్చే నజరానా వేరే లెక్క. అంటే ‘డబ్బు బాగా ఉంటే బాగా ఆడతారు, లేకపోతే మొక్కుబడి’ అనే మాట సగమే నిజం. డబ్బు దండిగా ఉన్నచోటా ఇదే జరుగుతుంది. 2016 అక్టోబరులో టోక్యో టైటిల్ గెలిచిన వారంలోనే టెన్నిస్ ఆటగాడు నిక్ కిర్గియోస్ షాంఘైలో మిషా జ్వెరెవ్‌తో 3–6, 1–6తో ఓడాడు. 48 నిమిషాల్లో అయిపోయింది. ఒక సర్వీసునైతే మెల్లగా అవతలికి నెట్టి, అది తిరిగొచ్చే లోపే కుర్చీ వైపు నడిచాడు. ప్రేక్షకులకు తాను బాకీ ఏమీ లేననీ, నచ్చకపోతే వెళ్లిపోవచ్చనీ తర్వాత విలేకరులతో అన్నాడు.

ఆ మాటను కొట్టిపారేయడం తేలికే గానీ అందులో కొంత నిజం ఉంది. టికెట్ కొన్నవాడితో అతనికి ఒప్పందం లేదు. ఒప్పందం ఉన్నది టోర్నీతో: పేరు నమోదు చేసుకున్నప్పుడే నియమావళికి ఒప్పుకున్నట్టు, అందులో శక్తిమేరకు ఆడాలనే నిబంధన ఉంది. ఆ టోర్నీ ఆ హామీ చూపించే టికెట్లు అమ్ముకుంటుంది. బాకీ టోర్నీ చేతుల మీదుగా తిరిగి ప్రేక్షకుడికే చేరుతుంది. అయితే అది గెలుపు బాకీ కాదు, మెరుపు షాట్ల బాకీ కాదు, ఫలానా పేరున్నవాడు దిగాలన్న బాకీ అంతకన్నా కాదు. దిగినవాడు ఆ మ్యాచ్ గెలవాలని ఆడటం, అంతే. రెండో గేములో 8–18 వెనకబడ్డప్పుడు మూడో గేము కోసం కాళ్లు దాచుకోవడం ఆ లెక్కలో తప్పు కాదు. గురి మ్యాచ్ మీదే ఉంది కదా. మ్యాచ్ ఓడి పతకం గెలుద్దామనుకోవడం దగ్గరే గీత దాటినట్టు.

మరి ఆ బాకీ వసూలు చేసే దారుల్లో ఏది మేలు? నాలుగు వాడుకలో ఉన్నాయి.

జరిమానా: వినడానికి బాగుంటుంది, రుజువు దగ్గర చతికిలపడుతుంది

2019 వింబుల్డన్ తొలి రౌండ్‌లో బెర్నార్డ్ టామిక్ 58 నిమిషాల్లో 2–6, 1–6, 4–6తో సోంగా చేతిలో ఓడాడు. తొలి రౌండ్ సొమ్ము 45,000 పౌండ్లు మొత్తం కోసేశారు. చాలామంది చప్పట్లు కొట్టారు. దానికి కొద్ది వారాల ముందే ఫ్రెంచ్ ఓపెన్‌లో అన్నా టాటిష్విలీ విషయంలోనూ అదే నిబంధన వాడారు. చీలమండ గాయంతో చాలాకాలం ఆటకు దూరమై, గాయపడ్డవాళ్లకు కాపాడి ఉంచే పాత ర్యాంకుతో తిరిగొచ్చిన ఆమె 0–6, 1–6తో ఓడింది. 46,000 యూరోలు మొత్తం జరిమానా. ఆమె అప్పీలు చేసుకుంది, ఆ జరిమానా రద్దయింది.

స్కోరు పట్టీ రెండింటిదీ దాదాపు ఒకటే. ఒకటి నిర్లక్ష్యం, ఇంకొకటి మానని చీలమండ అని స్కోరు చూసి ఎవరు చెప్పగలరు? సర్వీసు వేగం తగ్గితే అది విసుగు కావచ్చు, భుజం నొప్పి కావచ్చు. అందుకే అంపైర్లు పట్టుకోగలిగేది మరీ పచ్చిగా చేసినవాళ్లనే: బంతి రాకముందే నడిచిపోయేవాళ్లను, వరసగా నెట్‌కి కొట్టేవాళ్లను. కాస్త నేర్పుగా ఓడేవాడు దొరకడు.

ఇది మన హైదరాబాద్ గుత్తా జ్వాలకు, అశ్వినీ పొన్నప్పకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అదే లండన్‌లో, అదే రోజుల్లో, వాళ్ల గ్రూపులో జపాన్ జోడీ తమకన్నా తక్కువ ర్యాంకున్న చైనీస్ తైపీ జోడీ చేతిలో 19–21, 11–21తో ఓడింది. దాంతో మూడు జోడీలు రెండేసి గెలుపులతో సమానమయ్యాయి. మనవాళ్లు ఒక్క పాయింటు తేడాతో క్వార్టర్స్‌కి దూరమయ్యారు. జపాన్ కావాలనే ఓడిందని భారత్ ఫిర్యాదు చేసింది, తోసిపుచ్చారు. 19–21ని చూపించి దురుద్దేశం రుజువు చేయడం ఎలా? వేటు పడ్డ జోడీల స్థానాలు ఆయా గ్రూపుల్లో వెనకున్నవాళ్లకే దక్కాయి. అలా లోపలికొచ్చిన రష్యా జోడీ ఏకంగా కాంస్యం పట్టుకుపోయింది. మనవాళ్ల గ్రూపులో ఎవరి మీదా వేటు లేదు కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది.

జరిమానాతో ఇంకో చిక్కు: ఒకే మొత్తం అందరికీ ఒకే బరువు కాదు. గ్రాండ్‌స్లామ్‌లో దీని గరిష్ఠ హద్దు తొలి రౌండ్ సొమ్ము. టాప్ ఆటగాడికి అది చిల్లర. వందో ర్యాంకువాడికి కోచ్ జీతం, విమానం ఛార్జీలు అన్నీ అందులోంచే రావాలి.

సగం డబ్బు ఇచ్చి పంపించడం: డబ్బున్న చోట ఇదే తెలివైన పని

2017 వింబుల్డన్ సెంటర్ కోర్టులో ఒకే రోజు వెంటవెంటనే రెండు మ్యాచ్‌లు సగంలో ఆగిపోయాయి. జొకోవిచ్ మీద క్లిజాన్ 40 నిమిషాలకు, ఫెదరర్ మీద డోల్గొపొలోవ్ 43 నిమిషాలకు తప్పుకున్నారు. వాళ్ల గాయాలు అబద్ధమని ఎవరూ అనలేరు. కానీ తొలి రౌండ్‌లో కోర్టులో అడుగుపెడితే చాలు, 35,000 పౌండ్లు. గాయం ఉందని ముందే తప్పుకుంటే చేతికి ఏమీ రాదు. కుంటుకుంటూనైనా దిగమని ఆ నిబంధనే చెబుతోంది, ఇక ఆటగాణ్ని తిట్టి ఏం లాభం?

మరుసటి ఏడాది నుంచి గ్రాండ్‌స్లామ్‌లు మార్చాయి. టోర్నీ దగ్గరికి వచ్చి, మెయిన్ డ్రా మొదలయ్యే ముందు గురువారం మధ్యాహ్నం 12 దాటాక గాయం కారణంగా తప్పుకున్నవాడికి తొలి రౌండ్ సొమ్ములో సగం ఇస్తారు. మిగతా సగం అతని చోట వచ్చే లక్కీ లూజర్‌కి, అంటే క్వాలిఫయింగ్‌లో ఓడినా ఆ ఖాళీలో చోటు దొరికినవాడికి. దిగి సగంలో వదిలేస్తే మాత్రం మొత్తం సొమ్ము దాకా జరిమానా పడొచ్చు. 2018 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో తొలి రౌండ్ మధ్యలో తప్పుకున్న మిషా జ్వెరెవ్‌కి (షాంఘైలో కిర్గియోస్ అవతల ఉన్నది ఇతనే) 45,000 డాలర్ల కోత పడింది.

ఈ పద్ధతిలో గాయపడ్డవాడికి ఇంటికెళ్లడానికి కారణం దొరుకుతుంది. క్వాలిఫయింగ్ చివరి రౌండ్‌లో ఓడి సామాన్లు సర్దుకుంటున్నవాడికి మళ్లీ కోర్టు దొరుకుతుంది, వాడు ప్రాణం పెట్టి ఆడతాడు. ప్రేక్షకుడికి పేరున్నవాడు కనబడకపోవచ్చు, ఆట మాత్రం దక్కుతుంది. లొసుగు లేకపోలేదు: ఆడే ఉద్దేశం లేకుండానే పేరిచ్చి, వచ్చి సగం పట్టుకుపోయేవాడు ఉంటాడు. మొత్తం పట్టుకుపోవడం కన్నా నయం.

హాజరు పట్టీ: ఒంటిని తెస్తుంది, మనసును తేలేదు

2012 నవంబరు 29న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో స్పర్స్ మయామీకి ఆడటానికి వెళ్లి డంకన్, పార్కర్, జినోబిలి, డ్యానీ గ్రీన్‌లను ముందే ఇంటికి పంపేశారు. లీగ్ 2,50,000 డాలర్ల జరిమానా వేసింది. తమాషా ఏమిటంటే మిగిలినవాళ్లు ఎంత గట్టిగా ఆడారంటే 100–105తో, అయిదు పాయింట్ల తేడాతోనే ఓడారు. ఆ రాత్రి తగ్గింది పేర్లే.

2023లో నిబంధన ఇంకా బిగిసింది. గత మూడు సీజన్లలో ఆల్‌స్టార్‌కో ఆల్ ఎన్‌బీఏ జట్టుకో ఎంపికైనవాడు స్టార్. సరైన కారణం లేకుండా ఒకే మ్యాచ్‌కి ఇద్దరు స్టార్లను కూర్చోబెట్టకూడదు. తొలి తప్పుకి లక్ష డాలర్లు, రెండోదానికి రెండున్నర లక్షలు, ఆపైన ఒక్కోదానికి అంతకుముందు దానికన్నా పది లక్షలు ఎక్కువ. ఆటగాళ్ల ఒప్పందంలో ఇంకోటి చేరింది: ఎంవీపీ (సీజన్ మేటి ఆటగాడు) లాంటి అవార్డులకు 65 మ్యాచ్‌లు ఆడాలి. 2024 జనవరి చివర్లో మోకాలి నొప్పితో ఉన్న జోయెల్ ఎంబీడ్ గోల్డెన్ స్టేట్ మీద దిగాడు, ప్రత్యర్థి ఆటగాడు అతని కాలి మీద పడ్డాడు, శస్త్రచికిత్స అయింది. 65 లెక్కే అతణ్ని కోర్టులోకి తోసిందని అప్పట్లో గట్టి విమర్శ.

బ్యాడ్మింటన్‌లోనూ ఇదే బరువు. సింగిల్స్ టాప్ 15, డబుల్స్ టాప్ 10 జోడీలు పై అంచె టోర్నీలైన సూపర్ 1000లు, సూపర్ 750లు అన్నీ ఆడాలి, సూపర్ 500ల్లో కనీసం రెండు. వైద్య కారణం లేకుండా మానేస్తే ఒక్కోదానికి 5,000 డాలర్లు. జనవరిలో మలేషియా, ఆ వెంటనే ఢిల్లీ, మార్చిలో బర్మింగ్‌హామ్. హైదరాబాద్ అకాడమీల నుంచి వెళ్లేవాళ్లకు సంచి దించే తీరిక ఉండదు. జరిమానా తప్పించుకోవడానికే వచ్చినవాడు తొలి రౌండ్‌లో ఎలా ఆడతాడో వేరే చెప్పాలా? నెల జీతం తీసుకునే లీగ్ ఆటగాడికి హాజరు అడగడం న్యాయమే. ఖర్చులు తానే పెట్టుకుని తిరిగేవాడికి అదే కొలత పెట్టడం నాలుగింటిలోకీ నాసి మందు.

డ్రా మార్చడం: ఖర్చు లేదు, పోలీసు పని లేదు

1979 మేలో ఇంగ్లండ్‌లోని వూస్టర్‌లో కౌంటీ క్రికెట్ జట్టు సోమర్సెట్ కెప్టెన్ బ్రయన్ రోజ్, గ్రూపులో తమ స్థానం కాపాడుకోవడానికి ఒక్క పరుగు దగ్గర ఇన్నింగ్స్ డిక్లేర్ చేశాడు. ఆట 18 నిమిషాలు. వచ్చినవాళ్లకు టికెట్ డబ్బు వాపసు ఇచ్చారు, సోమర్సెట్‌ని పోటీ నుంచి తీసేశారు. అతను నిబంధన ఏదీ మీరలేదు; నిబంధనే అలా రమ్మని పిలిచింది. 1982 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా 1–0 ఇద్దరికీ సరిపోతుందని తెలిసి బంతిని అటూ ఇటూ తోసుకున్నాయి. ఆ తర్వాత నుంచి గ్రూపులో చివరి రెండు మ్యాచ్‌లూ ఒకే వేళకు పెడుతున్నారు. అవతలి ఫలితం ముందే తెలియదు, లెక్కలు వేసుకునే వీలు తగ్గింది.

బ్యాడ్మింటన్ కూడా 2016 రియోకల్లా ఇదే చేసింది. డబుల్స్‌లో గ్రూపులన్నీ ముగిశాక రెండో స్థానం జోడీలకు మళ్లీ లాటరీ తీస్తారు. ఓడితే ఎవరు తగులుతారో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు ఓడటంలో లాభం లేదు. ఒక గిన్నె, నాలుగు చీటీలు. వేరే గ్రూపు ఫలితం చూసి ఓడే బేరం దాంతో తెగిపోయింది. అప్పటికే ఇంటిదారి పట్టినవాళ్లు చివరి మ్యాచ్‌లో మొక్కుబడిగా ఆడితే మాత్రం దీని దగ్గర మందు లేదు. అక్కడ జరిమానాను చివరి ఆయుధంగా ఉంచుకోవాల్సిందే.

కాబట్టి గ్రూపు పోటీ పెట్టేవాళ్లు ముందు డ్రా సరిచేసుకోవాలి, తొలి రౌండ్ సొమ్ము పెద్దదైతే సగం డబ్బు పద్ధతి జోడించుకోవాలి, జరిమానా పచ్చిగా దొరికినవాళ్లకే వాడాలి.

2012లో వేటు పడ్డ ఇండోనేషియా జోడీలో గ్రేసియా పొలీ ఉంది. తొమ్మిదేళ్ల తర్వాత టోక్యోలో, అప్రియాని రహాయుతో కలిసి, తన గ్రూపులో చివరి మ్యాచ్ జపాన్ టాప్ సీడ్ జోడీతో ఆడింది. రెండు జోడీలూ అప్పటికే క్వార్టర్స్ చేరాయి. ఎవరు గెలిచినా ఇద్దరికీ ముందుకు దారి ఉంది. అయినా మ్యాచ్ మూడు గేములు సాగింది, పొలీ జోడీ గెలిచి గ్రూపులో మొదట నిలిచింది, 2021 ఆగస్టు 2న స్వర్ణమూ తెచ్చుకుంది. కోవిడ్ వల్ల ఆ హాల్లో టికెట్ కొన్నవాడు ఒక్కడూ లేడు.