కోనోసుబా: ఎన్నిసార్లు చూసినా నవ్వించే నలుగురు

కొన్నేళ్లుగా కోనోసుబా అనే జపనీస్ యానిమేషన్ కామెడీ సిరీస్‌ను మళ్లీ మళ్లీ చూస్తూనే ఉన్నాను. మామూలుగా జోకు ముందే తెలిసిపోతే రెండోసారి అంత నవ్వు రాదు. ఇందులో మాత్రం తర్వాత ఏం జరగబోతుందో తెలిసేకొద్దీ ఇంకా నవ్వొస్తుంది. ఎందుకంటే నవ్వంతా ఆ నలుగురి స్వభావాల్లోంచే పుడుతుంది, వాళ్ల స్నేహం కూడా అక్కడి నుంచే.

కథ తెలియనివాళ్లకు క్లుప్తంగా చెబుతాను. కజుమా అనే కుర్రాడు ట్రక్కు కింద పడబోతున్న అమ్మాయిని కాపాడాననుకుని చనిపోతాడు. నిజానికి అది మెల్లగా వస్తున్న ట్రాక్టర్, ఇతని ప్రాణం పోయింది షాక్‌తో. ఆ సంగతి చెప్పి పగలబడి నవ్విన దేవత ఆక్వా, కొత్త లోకానికి ఏదైనా ఒకటి వెంట తీసుకెళ్లమంటుంది. అతను ఒళ్లు మండి ఆమెనే కోరుకుంటాడు! అక్కడ సాహసాల మాట దేవుడెరుగు, ఇద్దరూ ఆక్సెల్ అనే ఊరి గోడ కట్టే కూలి పనికి వెళ్లి, రాత్రికి గుర్రాలశాలలో పడుకుంటారు. రోజుకు ఒక్క ఎక్స్‌ప్లోజన్ మంత్రం వేసి కుప్పకూలిపోయే మెగుమిన్, కత్తి ఎంత తిప్పినా ఎవరికీ తగలని డార్క్‌నెస్ తర్వాత జతవుతారు.

మెగుమిన్‌కు రోజూ ఆ మంత్రం వేయకపోతే తోచదు. కజుమా తోడు వెళ్తాడు. దూరంగా కనబడే పాడుబడ్డ కోట మీద ఆమె మంత్రం విసిరి అక్కడే పడిపోతుంది, అతను వీపున వేసుకుని ఇంటికి తెస్తాడు. వాన పడినా ఇదే వరస. కొన్నాళ్లకు ఈరోజు పేలుడు ఎలా ఉందో చెప్పగలిగేంత ఆసక్తి అతనికీ పుడుతుంది. ఇద్దరి మధ్య ప్రేమగా ఒక్క మాట లేకపోయినా ఎంత దగ్గరయ్యారో మనకు తెలిసిపోతుంది. అంతలో ఆ కోటలో ఉంటున్న రాక్షసరాజు సేనాపతి, రోజూ ఇంటి మీద ఈ గోలేంటని ఊరి ముందుకొచ్చి మొత్తుకుంటాడు. చూసిన ప్రతిసారీ ఇక్కడ నవ్వు ఆపుకోలేను.

రెండో సీజన్ ఆరంభం ఇంకా బాగుంటుంది. ఊరిని కాపాడే తొందరలో కజుమా ఒక ప్రమాదకరమైన రాయిని ఎక్కడికో మాయం చేయిస్తాడు, అది వెళ్లి జమీందారు భవనాన్ని పేల్చేస్తుంది. అరెస్టు చేయడానికి వస్తే మొదట అందరూ అతని పక్షాన నిలబడతారు. సహకరించినవాళ్లనూ పట్టుకుంటామనగానే తలా ఒక సాకు చెప్పి జారుకుంటారు. ఇక వదిలేశారేమో అనుకుంటే, రాత్రికి ఆక్వా జైలు కిటికీ దగ్గరకొచ్చి తాళం తెరుచుకోమని తీగముక్క విసిరిపోతుంది. ఆ తాళానికేమో అంకెలు తిప్పాలి! చివరికి విచారణలో డార్క్‌నెస్ ఇన్నాళ్లూ దాచుకున్న తన పెద్దింటి పేరు బయటపెట్టి అతన్ని విడిపిస్తుంది. పిరికితనం, మతిమరుపు, అభిమానం అన్నీ ఒకేచోట ఉన్న మనుషులు కాబట్టే వీళ్లు నాకు అంత ఇష్టం.

గొంతుల గురించి చెప్పి తీరాలి. సబ్‌టైటిల్స్ చదవాల్సి వచ్చినా జపనీస్ ఆడియోతోనే చూడండి. ఆక్వాగా అమమియా సోరా ఏడుపు, కజుమాగా ఫుకుషిమా జున్ విసుగు, రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తుంటాయి. స్టూడియో డీన్ చేసిన మొదటి రెండు సీజన్లలో ముఖాలు ఎలా పడితే అలా సాగిపోతాయి, నాకు ఆ బొమ్మలే నచ్చాయి. డ్రైవ్ అనే మరో స్టూడియో చేసిన మూడో సీజన్ శుభ్రంగా ఉంది కానీ ఆ అల్లరి కొంచెం తగ్గింది.

నచ్చనివీ ఉన్నాయి. లోదుస్తుల జోకులు ఎక్కువ, ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని చూడలేం. దెబ్బలు తింటే డార్క్‌నెస్‌కు ఆనందం అనే ఒక్క జోకునే చాలాసార్లు వాడారు. అందుకే మూడో సీజన్ చివర్లో ఆమెకు దక్కిన ప్రాధాన్యం నాకు ఊరటనిచ్చింది. అప్పు కోసం ఆమె ఇష్టంలేని పెళ్లికి సిద్ధపడితే, ప్రతి నాణెం లెక్కపెట్టుకునే కజుమా తన ఆలోచనల హక్కులన్నీ అమ్మేసి, ఆ డబ్బు మూటతో పెళ్లి మండపంలోకి దూసుకొస్తాడు. అతను డబ్బు కోసం ఎంత తాపత్రయపడ్డాడో ముందు నుంచీ చూసినవాళ్లకు ఆ దృశ్యం గుండెకు తగులుతుంది.

అందుకే మధ్యలోంచి మొదలుపెట్టొద్దు. 2016లో వచ్చిన పది ఎపిసోడ్లు, 2017లో మరో పది, ఆ తర్వాత 2019 సినిమా, అది అయ్యాకే 2024 నాటి పదకొండు ఎపిసోడ్లు. మెగుమిన్ చిన్ననాటి కథగా 2023లో వచ్చిన సిరీస్‌ను మాత్రం రెండో సీజన్ చూశాక ఎప్పుడైనా చూడొచ్చు.