అండమాన్ "ఐదు దీవుల" ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఒక్క నిమిషం

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తక్కువ ఖర్చులో అండమాన్ చూసొద్దామని ఏజెంటుకి అడ్వాన్సు ఇవ్వబోతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మేం మే నెలాఖర్లో వెళ్ళొచ్చాం. ఏజెంటు మన జిల్లావాడే, ఒక పెళ్ళిలో పరిచయమయ్యాడు. పేరు రాయను. ప్యాకేజీ కాగితం చూస్తే మీరే గుర్తుపడతారు.

మనిషికి 18,500. చెన్నై నుంచి రానూపోనూ విమానం, ఐదు రాత్రుల హోటలు, ప్రైవేటు బోటు, పొద్దున టిఫిను అన్నీ కలిపి అన్నాడు. ఆమదాలవలసలో రైలెక్కి చెన్నై చేరడం మాత్రం మన ఖర్చే. నేను, మా ఆవిడ, మా అమ్మ, పదో తరగతి రాసిన అబ్బాయి, నలుగురికీ కలిపి 74,000. చిట్టీ పాడి తెచ్చిన డబ్బు.

నేను పడిపోయింది "ఐదు దీవులు" అన్న మాటకి. కాగితంలో వరసగా ఉన్నాయి: రాస్, నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్, హేవ్‌లాక్, స్వరాజ్ ద్వీప్, నీల్. ఇంత తక్కువకి ఐదు ఎలా తిప్పుతాడని మా ఆవిడ అడిగితే ఏజెంటు బదులు నేనే వాదించాను. తీరా అవి మూడే! 2018 డిసెంబరులో కేంద్రం పేర్లు మార్చింది. రాస్‌కే నేతాజీ పేరు పెట్టారు, హేవ్‌లాకే స్వరాజ్ ద్వీప్. నీల్‌ని షహీద్ ద్వీప్ అంటున్నారు. ఆ పేరొకటి రాయడం మర్చిపోయినట్టున్నాడు, లేకపోతే ఆరయ్యేవి.

విమానం టికెట్లు మాత్రం నిజమైనవే. అందుకే మిగతావి చూసుకోలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీ విజయపురంలో, రెండు రాత్రులు బాగానే గడిచాయి. మూడోరోజు పొద్దున్నే హేవ్‌లాక్ బోటు. వోచర్లో ఒక ప్రైవేటు బోటు పేరు, నాలుగు సీటు నంబర్లు, ఎక్కాల్సిన చోటు ఫీనిక్స్ బే జెట్టీ అని ఉంది. సన్నగా వాన. గేటు దగ్గర మనిషి నా ఫోను తీసుకుని, స్క్రీను మీద పడ్డ చినుకులు బొటనవేలితో తుడిచి, రెండుసార్లు చదివి తల అడ్డంగా ఊపాడు. మమ్మల్ని దింపిన ఆటో ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. మా మాటలు విని దగ్గరికొచ్చాడు. "ఏటి బావూ, ఏ ఊరు మనది?"

ఆయనది కవిటి దగ్గర పల్లె. వోచర్ చూసి నవ్వాడు. "ఇక్కడ ఆగేవి సర్కారు బోట్లు. నువ్వు చూపిస్తన్న బోటు హడ్డో నుంచి ఎల్తాది." హడ్డోకి తీసుకెళ్ళాడు. కౌంటర్లో మా పేర్లే లేవు. ఏజెంటుకి ఫోన్ చేస్తే సముద్రం బాలేదు, బోట్లు రద్దయ్యాయి అన్నాడు. ఆ మాట అంటుండగానే మా కళ్ళ ముందు బోటులోకి జనం ఎక్కుతున్నారు. సర్కారు బోటు చాలా చవక, కానీ ఆ రోజుకి టికెట్లు అయిపోయాయి. ప్రైవేటు బోటుకి అప్పటికప్పుడు కొన్నాం. హేవ్‌లాక్‌లో హోటలు వోచరూ అదే బాపతు. బోటుకీ గదులకీ చేతినుంచి 21,000 పైన పడింది. రాధానగర్ బీచ్ మాత్రం అన్నీ మరిపించింది. మా అమ్మ ఆ తెల్ల ఇసక కొంగులో మూట కట్టుకుంటానంటే వద్దని ఆపాల్సొచ్చింది.

ప్యాకేజీ అంత చవక ఎందుకో కూడా అక్కడే తెలిసింది. మనకి జూన్‌లో వచ్చే రుతుపవనాలు అక్కడ మే మూడో వారం దాటేసరికే దిగుతాయి. అది ఆఫ్ సీజను. నిజంగానే బోట్లు రద్దయ్యే రోజులుంటాయి. ఆ ముక్క ముందే చెప్పి తక్కువకి అమ్మితే తప్పేం లేదు. ఇంకోటి, అక్కడ సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి పడిపోతుంది. "మొదటిరోజు సాయంత్రం బీచ్" అని రాస్తే ఎన్నింటికని అడగండి.

నేను చేసిన తప్పులూ చెప్పాలి. డబ్బంతా ఫోన్‌పేలో వాళ్ళ బావమరిది పేరు మీదకి పంపాను. బిల్లు అడిగితే చిన్న పుస్తకంలోంచి చింపిన చీటీ ఇచ్చాడు, జీఎస్టీ నంబరు లేదు. ఆ నంబరుకి 15 అంకెలూ అక్షరాలూ ఉంటాయి, మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొడితే ఎవరి పేరు మీదుందో వచ్చేస్తుంది. బోటు, హోటలు వోచర్లు చేతికి రాగానే నేరుగా వాళ్ళకే ఫోన్ చేసి మన పేరుందా అని అడగాలి. అదీ చెయ్యలేదు. అన్నిటికన్నా సిగ్గుపడేది ఇంకోటుంది. పలాస, సోంపేట, కవిటి వైపు నుంచి ఎంతమంది అండమాన్‌లో పనులు చేసుకుంటున్నారు! మా వీధిలోనే రెండిళ్ళవాళ్ళకి అక్కడ చుట్టాలున్నారు. ఒక్క ఫోను చేసుంటే ఐదు దీవుల కథ ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

వచ్చాక రెండు వారాలు "సోమవారం వేస్తాను సార్" అన్నాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టి ఆ ఫిర్యాదు నంబరు వాట్సాప్‌లో పంపితే 9,000 వేశాడు. మిగతాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు.

దసరా సెలవులకి మళ్ళీ ప్యాకేజీ వేశాడని నిన్న మా తోడల్లుడు కాగితం పంపాడు. ఈసారి ఆరు దీవులు. ఆరోది శ్రీ విజయపురం.